పాత గార్డెన్ ట్రాక్టర్: నిందలన్నీ గవర్నర్ మీదే

ఈ బండిలో నాకు బాగా నచ్చినదేమిటని అడిగితే గవర్నర్ అనే చెబుతాను, అంటే ఇంజను వేగాన్ని దానంతటదే అదుపులో ఉంచే ఏర్పాటు. సింగిల్ సిలిండర్ పెట్రోల్ ఇంజను, కింద గడ్డి కోసే డెక్, ఇవన్నీ ఇలాంటి బళ్లు చూసినవాళ్లకి తెలిసినవే. కానీ గాలినీ పెట్రోల్‌నీ కలిపి ఇంజనుకి పంపే కార్బురేటర్ పక్కన ఒక సన్నటి కడ్డీ, ఒక లివర్, ఒక స్ప్రింగ్ ఉంటాయి చూడండి, ఇంతకాలం వాడాక కూడా వాటి పనితనం చూస్తుంటే ముచ్చటేస్తుంది. చిప్పు లేదు, సెన్సర్ లేదు. వేగం పెరిగితే ఇంజను అడుగు పెట్టె (క్రాంక్‌కేస్) లోపల తిరిగే బరువులు విచ్చుకుని, ఇంజనులోకి వెళ్లే మిశ్రమాన్ని పెంచి తగ్గించే రేకుని, అంటే థ్రాటిల్‌ని, మూయాలని చూస్తాయి. బయటి స్ప్రింగ్ తెరవాలని లాగుతుంది. ఆ పీకులాటలో ఎక్కడ రాజీ కుదిరితే అదే ఇంజను వేగం. మన చేతిలోని లివర్ కూడా ఆ స్ప్రింగ్ బిగువు మార్చడం తప్ప ఇంకేమీ చేయదు. దట్టమైన గడ్డిలోకి దిగగానే కడ్డీ దానంతటదే కదులుతుంది, శబ్దం బరువెక్కుతుంది, బ్లేడు వేగం మాత్రం పెద్దగా పడిపోదు.

అలాంటి దాని మీదే అందరూ నింద వేశారు. చాలాకాలం షెడ్డులో పెట్టి బయటికి తీసిన బండి, స్టార్ట్ చేసిన కాసేపటికి ఊగడం మొదలుపెట్టింది. వేగం ఒక్కసారిగా పెరగడం, చచ్చిపోతుందేమో అన్నంతగా తగ్గడం, మళ్లీ పెరగడం. కడ్డీ ముందుకీ వెనక్కీ ఒకటే కొట్టుకుంటోంది. బ్లేడ్లు వేస్తే మాత్రం బుద్ధిగా నిలకడగా తిరుగుతుంది. చూసిన మెకానిక్ గవర్నర్ పోయిందన్నాడు, ఇంజను విప్పాలన్నాడు. ఇంకొకాయన స్ప్రింగ్ కాస్త బిగిస్తే సరిపోతుందన్నాడు. ఆ సలహా వింటే కొంప మునుగుతుంది. ఇలాంటి ఇంజన్లకి లోడు లేనప్పుడు పై హద్దు మామూలుగా 3,600 ఆర్‌పీఎం (నిమిషానికి అన్ని చుట్లు). చాలా పాతవాటిలో ఆయిల్ పంపు కూడా ఉండదు, పిస్టన్‌కి తగిలించిన కనెక్టింగ్ రాడ్డు చివరున్న చెంచాలాంటి ముక్క ఆయిల్ చిమ్ముతూ ఉంటుంది, అంతే. హద్దు దాటి తిప్పితే రాడ్డు విరిగి బ్లాకుకి చిల్లి పెట్టగలదు. ప్లగ్ వైరుకి చుట్టి వేగం కొలిచే చిన్న టాకోమీటర్ చేతిలో లేకుండా ఆ స్ప్రింగ్‌ని ముట్టుకోకూడదు.

ఇంజను ఊగుతుండగా, గాలి తగ్గించి పెట్రోల్ పాలు పెంచే చోక్‌ని సగం వేసి చూశాను. ఊగడం ఠక్కున ఆగింది! అంటే పెట్రోల్ చాలడం లేదు, లేదా ఎక్కడినుంచో దొంగగాలి దూరుతోంది. గవర్నర్ పాపం తన పని తాను చేస్తోంది: వేగం పడితే తెరుస్తోంది, పెరిగితే మూస్తోంది.

ముందు కార్బురేటర్ విప్పాను. నిలవ పెట్రోల్ గిన్నె అడుగున జిగురులా పేరుకుంది. తక్కువ వేగంలో పెట్రోల్ అందించే ఐడిల్ జెట్ రంధ్రం వెంట్రుకంత ఉంటుంది, వెలుతురుకి ఎత్తి చూస్తే అవతల ఏమీ కనబడలేదు. క్లీనర్‌లో నానబెట్టి, మెత్తటి రాగి పోగుతో శుభ్రం చేశాను. సూది లాంటివి దూరిస్తే రంధ్రం పెద్దదైపోతుంది. బిగించాక చల్లగా ఉన్నంతసేపూ బాగానే తిరిగింది, వేడెక్కాక మళ్లీ అదే పాట.

వేడెక్కాక రావడమే అసలు ఆధారం. కార్బురేటర్ ఇంజనుకి కలిసే చోట క్లీనర్ కొద్దికొద్దిగా చిమ్మాను. అది భగ్గున అంటుకునే సరుకు, సైలెన్సర్ వైపు పడకుండా చూసుకోవాలి. చిమ్మిన ప్రతిసారీ వేగం మారింది, అంటే దొంగగాలి దూరేది అక్కడే. విప్పితే ఆ అతుకులో గాలి దూరకుండా పెట్టే గాస్కెట్ గోధుమరంగుకి తిరిగి పెళుసెక్కి, బోల్టు రంధ్రం నుంచి లోపలి అంచుదాకా సన్నగా పగిలి ఉంది. చల్లగా ఉంటే నెర్రె మూసుకుంటోంది, వేడికి విచ్చుకుంటోంది. కొత్త గాస్కెట్ వేశాక కడ్డీ కుదురుగా నిలబడింది. మెకానిక్ విప్పుతానన్న ఇంజను మూత ఇప్పటికీ విప్పలేదు.

ఇంతగా వెనకేసుకొస్తున్నాను గానీ, గవర్నర్‌తో ఒక చిక్కు ఉంది. అది జబ్బుల్ని దాచేస్తుంది. ఇంజను బలం తగ్గుతున్నా థ్రాటిల్‌ని ఇంకాస్త తెరిచి వేగం నిలబెడుతుంది, తెరవడానికి ఇంకేమీ మిగలనప్పుడు గానీ మనకి తెలియదు. కడ్డీ కొసలు దూరే రంధ్రాలు అరిగి కోలగా అయ్యాయి, థ్రాటిల్ ఇరుసు కూడా కాస్త ఆడుతోంది. అందుకే ఐడిల్‌లో చిన్న వణుకు ఇంకా ఉంది. దాన్ని పట్టించుకోవడం మానేశాను.

నాది చదునైన నేల, గడ్డి ఇవాళ కాకపోతే రేపు కోసుకోవచ్చు, పనిముట్లున్నాయి, ఇలాంటి వాటితో కుస్తీ పట్టడం సరదా కూడా. కాబట్టి నాకు సరిపోయింది. రోజూ బండి మీద పని ఉన్నవాళ్లకి, మధ్యలో ఆగితే టెన్షన్ పడేవాళ్లకి ఇంత పాతది కొనమని చెప్పలేను. కొనేట్టయితే మాత్రం బేరానికి ముందు ఇంజను బాగా వేడెక్కనివ్వండి, చోక్ పూర్తిగా తీయించి, బ్లేడ్లు వేయకుండా సగం వేగంలో పెట్టి కాసేపు వినండి. అమ్మేవాళ్లు చోక్ తీయడానికి వెనకాడుతుంటే ధరలో గాస్కెట్, కార్బురేటర్ ఖర్చు తగ్గించి అడగండి.