హన్మకొండలో ‘ఆఖరి ఆట’ క్విజ్: ప్రశ్నలకు ఐదు స్టార్లు, జవాబులకు రెండున్నర

ముందే చెప్తున్నా, నాకు బేస్‌బాల్ రాదు. గుండ్రటి బ్యాటు, కొట్టినంక ఉరకాలి, నా జ్ఞానం అక్కడితో సరి. అయినా మొన్న శనివారం రెండున్నర గంటలు కదలకుండా కూర్చుని ఆ ఆట మీదే క్విజ్ ఆడి, ఒక్క పాయింటుతో ఓడిపోయి, ఇంటికి వచ్చి ఆ రాత్రి నిద్రపట్టక, ఇప్పుడు ఇది రాస్తున్నా.

నక్కలగుట్ట వైపు మెయిన్ రోడ్డు మీద, మెట్లెక్కి పైకి పోతే ఒక కేఫ్ ఉంది. నెలకో శనివారం సాయంత్రం క్విజ్ పెడుతున్నారు. పేరు మాత్రం రాయను, ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది. మనిషికి 200 రూపాయలు, అందులోనే ఒక ఇరానీ చాయ్, ఒక ప్లేటు తినేది. టీముకు ముగ్గురి నుంచి ఐదుగురు. ఈ నెల టాపిక్ ‘ఆఖరి ఆట’ అని పెట్టారు. నేనేమో సచిన్ వాంఖడే, ధోనీ రనౌటు, బ్రాడ్‌మన్ డకౌటు ఇట్లాంటివి ఉంటాయి, మనమే గెలుస్తాం అనుకుని ముగ్గురికీ డబ్బులు కట్టేశా. పోయి కూర్చున్నాక తెలిసింది, ముప్పై ప్రశ్నల్లో ఇరవై నాలుగు అమెరికా బేస్‌బాల్ మీదే. ఫలానా ఆటగాడు ఫలానా టీముకు చివరిసారి ఆడిన మ్యాచ్, అదీ సబ్జెక్టు.

మా టీములో నేను, ఇంటర్ చదివే నా బిడ్డ, డల్లాస్‌లో పదకొండేళ్లు పనిచేసి వచ్చిన నా బామ్మర్ది. వాడు అక్కడ ఉన్నన్నాళ్లూ ఆదివారాలు స్టేడియంలోనే గడిపేవాడని మా అత్తగారు ఫోన్లో తిట్టేది. ఆ తిట్లు ఇన్నాళ్లకు పనికొచ్చాయి.

ప్రశ్నలు చూసి మొదటి పది నిమిషాలు నాకు టెన్షన్. తర్వాత అర్థమైంది ఏంటంటే, ఇవి బట్టీపట్టి చెప్పేవి కావు. క్విజ్ నడిపే తమ్ముడు కథంతా చెప్పి, ఒక్కచోట ఆపి ‘అప్పుడేమైంది’ అని అడుగుతాడు. ఆట తెలియనివాడు కూడా నెత్తి గోక్కుని ఆలోచిస్తే దొరుకుతుంది. ఈ మాట ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, నేను పోయిన మిగతా క్విజ్‌లన్నీ ఫలానా దేశం రాజధాని, ఫలానా సంవత్సరంలో అవార్డు, ఇవే. ఫోనుంటే చాలు, మనిషి అక్కర్లేదు.

ఒక ఉదాహరణ. 1982 ఆగస్టు 4. జోయెల్ యంగ్‌బ్లడ్ అనే ఆటగాడు మధ్యాహ్నం షికాగోలో న్యూయార్క్ మెట్స్ తరఫున ఆడుతూ, ఫెర్గూసన్ జెంకిన్స్ అనే పెద్ద పిచ్చర్ (మన బౌలర్ లాంటోడు) బంతిని కొట్టి హిట్ సాధించాడు, అంటే ఔటు కాకుండా బేస్ చేరాడు. మ్యాచ్ నడుస్తుండగానే పిలిచి, నిన్ను మాంట్రియల్ ఎక్స్‌పోస్‌కు ఇచ్చేశాం అన్నారు. మన ఐపీఎల్‌లో హార్దిక్ పాండ్యా గుజరాత్ నుంచి ముంబైకి పోయినట్టే, కాకపోతే అది సీజన్ల మధ్యలో, వీళ్లకు నడుస్తున్న సీజన్లోనే, నడుస్తున్న మ్యాచులోనే. కొత్త టీము ఆ రాత్రి ఫిలడెల్ఫియాలో ఆడుతోంది. బట్టలు సర్దుకుని టాక్సీ ఎక్కాడు, కొంత దూరం పోయాక మళ్లీ షికాగో గ్రౌండుకే తిరిగొచ్చాడు. ఎందుకు? ఇదీ ప్రశ్న. ఇరవై సెకన్లు. నా బిడ్డ టక్కున ‘గ్లవ్ మర్చిపోయి ఉంటడు నాన్నా’ అన్నది, పరీక్షకు హాల్ టికెట్ మర్చిపోయి సగం దారి నుంచి వెనక్కి వచ్చిన అనుభవం దానిది. కరెక్ట్. ఆ గ్లవ్ తీసుకుని విమానమెక్కి, రాత్రి ఆటలో దిగి, స్టీవ్ కార్ల్‌టన్ మీద ఇంకో హిట్ కొట్టాడు. ఒక్క రోజులో రెండు ఊళ్లలో రెండు టీములకు రెండు హిట్లు. ఇద్దరు పిచ్చర్లూ తర్వాత బేస్‌బాల్ దిగ్గజాల జాబితా అయిన హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కినవాళ్లే. పొద్దున కాజీపేటలో ఒక ఆఫీసుకు సంతకం పెట్టి సాయంత్రం కరీంనగర్‌లో ఇంకో ఆఫీసుకు పెట్టినట్టుంది అని పక్క టేబుల్ పెద్దమనిషి అన్నాడు, ఆయన రిటైరైన లెక్చరరట.

దానికంటే పాతది, 1922 మే 30. షికాగో కబ్స్, సెయింట్ లూయిస్ కార్డినల్స్ ఒకేరోజు రెండు మ్యాచులు ఆడుకుంటున్నాయి. మొదటి మ్యాచ్ అయ్యాక అటు మ్యాక్స్ ఫ్లాక్‌ను, ఇటు క్లిఫ్ హీత్‌కోట్‌ను ఇచ్చిపుచ్చుకున్నారు. రెండో మ్యాచులో ఇద్దరూ టోపీలు మార్చుకుని ఎదుటి టీముకు ఆడారు. పొద్దున ఇద్దరికీ ఒక్క హిట్ లేదు, మధ్యాహ్నం ఇద్దరికీ వచ్చాయి. మనూళ్లో అయితే మేనేజరు నుదుటిరాత బాగాలేదని వాస్తు మనిషిని పిలిచేవాళ్లు.

ఆ రాత్రికి అసలైన ప్రశ్న మాత్రం డానీ జాన్సెన్‌ది. 2024 జూన్ 26న బోస్టన్ ఫెన్‌వే పార్కులో టొరంటో బ్లూ జేస్ తరఫున జాన్సెన్ బ్యాటింగ్ చేస్తున్నాడు, ఒక స్ట్రైక్ పడింది (మూడు పడితే ఔటు, దాన్నే స్ట్రైకౌట్ అంటారు), అంతలో వాన. ఆట ఆగిపోయింది, మిగతాది ఆగస్టు 26న ఆడదాం అన్నారు. మధ్యలో జూలై 27న జాన్సెన్‌ను బోస్టన్ రెడ్ సాక్స్‌కే ట్రేడ్ చేశారు. ఇప్పుడు ఆగస్టులో ఆట మళ్లీ మొదలైంది, బ్యాటింగ్ దగ్గర ఆగిన మనిషి ఎక్కడున్నాడు? తమ్ముడు మైకు పక్కన పెట్టి, కుర్చీ తెచ్చి నడుమ వేసి, ఇది ప్లేటు, అంటే బ్యాటింగ్ చేసే చోట నేల మీద ఉండే పలక, ఇక్కడ బ్యాటర్, ఇక్కడ మన వికెట్ కీపర్ లాంటి క్యాచర్ అని నిలబడి చూపించాడు. జాన్సెన్ వదిలేసిన బ్యాటింగ్‌ను పూర్తి చేయడానికి టొరంటో వాళ్లు డాల్టన్ వార్షోను పంపారు. అతని వెనక బోస్టన్ క్యాచర్‌గా కూర్చున్నది ఎవరనుకున్నారు, జాన్సెనే. అంటే తను మొదలుపెట్టిన బ్యాటింగుకు తనే వెనక కూర్చుని బంతి పట్టాడు. మేజర్ లీగ్ చరిత్రలో ఒకే మ్యాచులో రెండు టీములకూ ఆడిన మనిషి ఇతనొక్కడే. ఆరు టేబుళ్లలో నాలుగు కరెక్ట్ చెప్పాయి, తప్పు చెప్పినవాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. నేను ఇంటికొచ్చి మా ఆవిడకు వంటింట్లో చపాతీ కర్రతో ఇదే చూపించబోతే నూనె గిన్నె ఒలికింది, అది వేరే కథ.

నాలుగు ఫొటోలు పెట్టి ‘వీళ్లందరినీ కలిపేది ఏది’ అని అడిగిందీ బాగుంది. టెడ్ విలియమ్స్, మిక్కీ మ్యాంటిల్, మైక్ ముస్సీనా, డెరెక్ జీటర్. విలియమ్స్ బోస్టన్ మనిషి, మిగతా ముగ్గురూ న్యూయార్క్ యాంకీస్. నా బామ్మర్ది లేచి నిలబడి ‘సెప్టెంబర్ 28, ఫెన్‌వే పార్క్’ అన్నాడు. 1960, 1968, 2008, 2014. నలుగురి ఆఖరి మ్యాచూ అదే తేదీ, అదే గ్రౌండు. విలియమ్స్ ఆఖరి బ్యాటింగులో హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది), లెక్కకు 521వది, కొట్టి టోపీ కూడా తీయకుండా లోపలికి పోయాడు. ఇంకా న్యూయార్క్‌లో మూడు మ్యాచులు మిగిలే ఉన్నాయి, నేను రాను అన్నాడు. మ్యాంటిల్‌ది దీనికి పూర్తి ఉల్టా. ఒక్కసారి బ్యాటింగుకు వచ్చి ఔటై వెళ్లిపోయాడు, అదే ఆఖరిదని ఆరోజు ఎవరికీ తెలియదు, రిటైర్మెంట్ చెప్పింది తర్వాతి మార్చిలో. ముస్సీనా పిచ్చర్, పిచ్చర్ల పేరు మీద గెలుపులు లెక్కేస్తారు; ఆయనకు ఆ రోజు ఆ సీజన్లో ఇరవయ్యో గెలుపు, కెరీర్ మొత్తంలో ఒకే సీజన్లో ఇరవై గెలవడం అదే మొదటిసారి, అదే చివరిది కూడా.

నాకు ఎక్కువ పట్టేసింది ఈ ‘ఎవరికీ తెలియదు’ రకం. రోబెర్టో క్లెమెంటే 1972 సెప్టెంబర్ 30న పిట్స్‌బర్గ్‌లో మూడువేలవ హిట్ కొట్టాడు. ఆ సీజన్ లీగ్ మ్యాచుల్లో మళ్లీ హిట్ లేదు, తర్వాత ప్లేఆఫ్ ఆడాడు, డిసెంబర్ 31న నికరాగువా భూకంప బాధితులకు సామాన్లు తీసుకుపోతూ విమానం కూలి పోయాడు. రికార్డులో సరిగ్గా 3000 అనే అంకె అట్లాగే నిలిచిపోయింది. ఇది చెప్పినప్పుడు కేఫ్‌లో మిక్సీ శబ్దం తప్ప ఏమీ లేదు. మన అజహరుద్దీన్ గుర్తొచ్చాడు నాకు: మొదటి టెస్టులో 110, ఆఖరి టెస్టులో, 2000 మార్చి బెంగళూరులో, 102, మొత్తం టెస్టులు 99. కారణాలు వేరు, ఆ గొడవ వేరు, కానీ ఆ 99 చూస్తే ఇప్పటికీ మనసు గుంజుతుంది. లక్ష్మణ్ అయితే 2012లో న్యూజీలాండ్ సిరీస్‌కు సెలెక్ట్ అయ్యాక, మన ఉప్పల్‌లోనే టెస్టు ఉండగా, ఐదు రోజుల ముందు ఇక ఆడను అన్నాడు. ఆఖరిది అడిలైడ్‌లోనే అయిపోయింది. క్విజ్‌లో ఈ ప్రశ్న ఎందుకు పెట్టలేదో వాళ్లను అడగాలి.

ఇక గొడవ సంగతి.

ఇరవై ఆరో ప్రశ్న: పాతకాలపు బేస్‌బాల్ దిగ్గజం బేబ్ రూత్ తన ఆఖరి మ్యాచులో ఎన్ని హోమ్ రన్‌లు కొట్టాడు? మా బామ్మర్ది సున్నా అని రాశాడు. తమ్ముడు మూడు అన్నాడు. అప్పటికి మేము, నిట్ పిల్లల టీము సమానంగా ఉన్నాం, వాళ్లు మూడు అని రాశారు.

‘తమ్మీ, అది ఆఖరుది కాదు. మూడు కొట్టింది 1935 మే 25న పిట్స్‌బర్గ్‌ల. దాని తర్వాత ఇంకా ఐదు రోజులు ఆడిండు, మే 30న ఫిలడెల్ఫియాల ఆఖరుది. ఒక్కటి కొట్టలే.’

‘అన్నా, మా షీట్ల మూడే ఉంది.’

‘షీట్ల ఉంటే అయిపాయెనా?’

అట్లా అట్లా ఐదు నిమిషాలు. బామ్మర్ది ఇంకో పాయింటు కూడా తీశాడు, టాపిక్ ‘ఒక టీముకు ఆఖరి ఆట’ కదా, రూత్ అసలు పేరు తెచ్చుకున్న యాంకీస్‌కు ఆఖరి మ్యాచ్ 1934 సెప్టెంబర్ 30న వాషింగ్టన్‌లో, మీరడిగేది ఏ టీము గురించో అదే సరిగ్గా లేదు అని. నిజమే, ఆ మూడు హోమ్ రన్‌లు బోస్టన్ బ్రేవ్స్ తరఫున కొట్టినవి, కెరీర్ మొత్తం 714 హోమ్ రన్‌లలో చివరి మూడు, ఆరోజే ఆపేసి ఉంటే ఎంత బాగుండేదో అని అందరికీ అనిపిస్తుంది కాబట్టి అదే ఆఖరిదని జనం నోట్లో పడిపోయింది. పొరపాటు ఎవరికైనా వస్తుంది. ఫోన్ తీసి ఒక్క నిమిషం చూస్తే అయిపోయేది. కానీ ‘ఆడేటప్పుడు ఫోన్ తీయొద్దన్నది రూలు’ అని చూడనివ్వలేదు. రూలు మాకా, వాళ్లకా? ఒక్క పాయింటుతో పోయింది. నిట్ పిల్లలు మాత్రం మంచోళ్లు, ‘అంకుల్, మీదే కరెక్ట్’ అని కిందికి దిగుతూ చెప్పిపోయారు, గెలిచిన కూపన్ జేబులో పెట్టుకునే చెప్పారనుకోండి.

ఆ కూపన్ 500ది, మంగళవారం మాత్రమే చెల్లుతుందట, అందుకే ఓడిపోయినందుకు పెద్దగా బాధ లేదు.

మిగతావి. చాయ్ బాగుంది, చిక్కగా ఉంది, రెండోది అడిగితే 30. ప్లేట్లో మిర్చి బజ్జీలు పెట్టారు, వేడిగా వచ్చాయి కానీ మూడో రౌండులో, అప్పటికి మా బిడ్డ ఆకలితో టిష్యూ పేపర్ చింపుతోంది. గుడాలో, సర్వపిండో పెడితే 200కు న్యాయం జరిగేది. ఏసీ పనిచేసింది. స్పీకరు ఒక మూల కీచుమంటుంది. మధ్యలో కరెంటు పోతే జనరేటర్ రావడానికి నాలుగు నిమిషాలు, ఆ చీకట్లో తమ్ముడు గొంతు చించుకుని ఇంకో ప్రశ్న చెప్పాడు, జాకీ రాబిన్సన్ డాడ్జర్స్ నుంచి జెయింట్స్‌కు ట్రేడ్ అయ్యాక అక్కడ ఎన్ని మ్యాచులు ఆడాడని. ఒక్కటీ ఆడలేదు, రిటైరయ్యాడు. 1956 వరల్డ్ సిరీస్ (సీజన్ చివర జరిగే ఫైనల్ సిరీస్) ఏడో మ్యాచులో స్ట్రైకౌట్ కావడమే ఆయన ఆఖరి బ్యాటింగ్. దానికి మాత్రం మాకు పాయింటు వచ్చింది.

సోమవారం వాళ్ల వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టారు, ‘26వ ప్రశ్న రద్దు చేస్తున్నాం’ అని. సారీ లేదు, మా పేరు లేదు, రద్దయితే స్కోరు సమానం కావాలి కదా, ఆ ఊసే లేదు. బామ్మర్ది దానికి ఒక దండం బొమ్మ పెట్టి ఊరుకున్నాడు.

మళ్లీ పోతామా అంటే పోతాం, వచ్చే నెలకు ముగ్గురం కాదు నలుగురం, మా ఆవిడ కూడా వస్తానంది. మీరు పోవాలనుకుంటే ఆరున్నరకల్లా చేరండి, కిటికీ పక్క టేబుల్ పట్టుకోండి, స్పీకరు కింద కూర్చోవద్దు, బజ్జీలు వచ్చేదాకా ఆగలేని పిల్లలుంటే బిస్కెట్ ప్యాకెట్ ఒకటి సంచిలో వేసుకోండి.