నాలుగేళ్లు వాడాక నా చేతి రోలింగ్ మెషిన్ గురించి: 3 మిల్లీమీటర్ల రేకు, మధ్యలో మిగిలిన సందు

మా షెడ్డులో నాలుగేళ్లుగా ఉన్న చేతి రోలింగ్ మెషిన్, అంటే లోహపు రేకును గుండ్రంగా వంచే మెషిన్ గురించి రాస్తున్నాను. మూడు రోలర్లు, పక్కన తిప్పే హ్యాండిల్, 1270 మిల్లీమీటర్ల పొడవు. ముందు ఒకదాని మీద ఒకటి ఉన్న రెండు రోలర్లు రేకును పట్టి లాగుతాయి, వెనకది దాన్ని పైకి నెట్టి వంచుతుంది. రేకు పని తెలిసినవాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు. నేను చెప్పాలనుకున్నది ఒక్కటే: దాని రోలర్లు నడుము దగ్గర వంగుతాయి. ఆ వంపు వల్ల నావి రెండు పెద్ద రేకులు, దాదాపు నెల రోజుల పని పోయాయి. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు.

కొన్న ఆరు నెలలకు, అడిగిన ప్రతి ఒక్కరికీ "కళ్లు మూసుకుని తీసుకోండి" అని చెప్పాను. అప్పట్లో నేను చేసేవి మడ్‌గార్డులు, బ్యాటరీ కవర్లు, చిన్న ట్యాంకుల తొడుగులు. ఏదీ అరమీటరు వెడల్పు దాటేది కాదు. మందం 1.5 లేదా 2 మిల్లీమీటర్లు. రేకు ఒక పక్క నుంచి పెట్టి తిప్పుతుంటే రెండో పక్క నుంచి మెల్లగా తల పైకెత్తుకుంటూ వచ్చేది. సుత్తి దెబ్బ లేదు, మడత గీత లేదు. చేత్తో నిమిరితే ఎక్కడా ఎగుడుదిగుడు తగిలేది కాదు. ఆ మాట వెనక్కి తీసుకోను కానీ, అది ఆ కొలతల వరకే నిజమని ఇప్పుడు కలపాలి.

తర్వాత ఒక పాత వ్యాను చట్రం మీద, లోపల పడుకుని ప్రయాణం చేసేలా బాడీ మొత్తం కొత్తగా కట్టడం మొదలుపెట్టాను. పక్క గోడ, పైకప్పు కలిసేచోట పదునైన మూల కాకుండా గుండ్రటి ఒంపు రావాలని నా పట్టుదల. లోపలి వ్యాసార్థం 150 మిల్లీమీటర్లు. రేకు 5052-హెచ్32 అనే రకం అల్యూమినియం, మందం 3 మిల్లీమీటర్లు. ఒక్కో ముక్క పొడవు 1200. సన్న రేకుతో సరిపెట్టుకోకపోవడానికి కారణం ఉంది. ఆ అంచుకే నిచ్చెన ఆనుతుంది, కొమ్మలు రాసుకునేదీ అక్కడే. మందం 2 నుంచి 3కి పెంచితే రేకు బిగువు మూడు రెట్లకు పైగా పెరుగుతుంది.

లెక్కలన్నీ జాగ్రత్తగానే వేశాను. పావు వృత్తానికి మందం మధ్య గీతను, అంటే 151.5 వ్యాసార్థాన్ని తీసుకుంటే 238 మిల్లీమీటర్లు వచ్చింది. అటూ ఇటూ 50 చొప్పున వదిలి 338 కోశాను. ఈ మెషిన్లలో రేకు రెండు అంచులూ కొంత మేర వంగకుండా చదునుగా మిగిలిపోతాయి కదా, దాన్ని చాలామంది లోపంగా చెబుతారు. నాకు మాత్రం అది కలిసొచ్చింది. కప్పుకీ గోడకీ రివెట్లు కొట్టడానికి ఆ చదును పట్టీలే కావాలి.

వెనక రోలర్ స్క్రూలను రెండు వైపులా పావు చుట్టు చొప్పున పెంచుకుంటూ, అటూ ఇటూ తిప్పుతూ వెళ్లాను. అల్యూమినియంతో తొందరపడకూడదు. స్టీలు స్థితిస్థాపక గుణకం, అంటే సాగకుండా బిగువుగా నిలిచే గుణం, 200 గిగాపాస్కల్స్ అయితే దీనిది 70 దగ్గరే. అందుకే వంచిన తర్వాత వెనక్కి విచ్చుకోవడం దీనిలో బాగా ఎక్కువ. వంచడం, వదిలి చూడడం, మళ్లీ వంచడం. అలా ఒక సాయంత్రమంతా గడిచాక, ఒంపు సరిచూసుకోవడానికి 150 వ్యాసార్థంతో కోసుకున్న ప్లైవుడ్ టెంప్లేట్‌ను ఒంపు లోపల ఎడమ కొసన పెట్టి చూశాను. అతుక్కున్నట్టు కూర్చుంది. కుడి కొసనా అంతే. చాలా సంతోషం వేసింది. తర్వాత అదే టెంప్లేట్‌ను మధ్యలో పెట్టాను. దాని రెండు చివర్ల దగ్గరా వెలుతురు కనిపించింది. చేతికందిన 6 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్ తోస్తే ఆ సందులోకి దూరిపోయింది. లెక్క కడితే అక్కడ వ్యాసార్థం 150 కాదు, 168 దాకా ఉంది.

స్క్రూలు సమానంగా తిప్పలేదేమోనని ముందు నన్ను నేనే అనుమానించుకున్నాను. కానీ అదే అయితే ఒక కొస ఎక్కువ, ఒక కొస తక్కువ వంగాలి. ఇక్కడ రెండు కొసలూ ఒకేలా ఉన్నాయి. మధ్య దారికి వస్తుందని మరో రెండు సార్లు గట్టిగా తిప్పాను. మధ్య దగ్గరికి వచ్చింది, ఈసారి కొసలు 150 కంటే బిగుసుకుపోయాయి. సరే, ఫ్రేముకు క్లాంపులు పెట్టి లాగితే సర్దుకుంటుందనుకున్నాను. లాగితే వచ్చింది, రివెట్లు కూడా కొట్టేశాను. మర్నాడు పొద్దున ఏటవాలు ఎండ పడ్డప్పుడు కప్పు పక్కన నిలబడి చూస్తే, నునుపుగా ఉండాల్సిన రేకు మీద పొడవాటి అల కనిపించింది. మధ్యలో ఉబ్బు, దానికి అటూ ఇటూ లోతు. రివెట్లన్నీ డ్రిల్లుతో తీసేశాను. రెండో ముక్కను ఇంకా నెమ్మదిగా చేసినా అదే ఫలితం.

ఆ రోజు రేకు లోపల ఉండగానే, రోలర్లు బిగించి పై రోలర్ మీద పొడవు స్టీల్ స్కేలు పెట్టి చూశాను. స్కేలు మధ్యలో ఆనింది, రెండు కొసలా లేచింది. రేకు ఒత్తిడికి పై రోలర్ నడుము పైకి వంగుతోంది, వెనక రోలర్ నడుము కిందికి జారుతోంది. మధ్యలో రేకుకు అందాల్సిన వంపు అందడం లేదు. రేకు తీసేస్తే రోలర్లు మళ్లీ తిన్నగా ఉంటాయి, అందుకే అన్నాళ్లూ నా కంటపడలేదు.

నాకు బాధ కలిగించింది అమ్మినవాళ్ల మాట. మెషిన్ మీద మామూలు స్టీలుకు పూర్తి వెడల్పులో 1.5 మిల్లీమీటర్లని రాసి ఉంది. అల్యూమినియం సంగతి అడిగితే "మెత్తటి లోహమే కదా, రెట్టింపు పెట్టుకోండి" అన్నారు. నమ్మాను. తర్వాత కూర్చుని లెక్క వేస్తే తెలిసింది. రేకును శాశ్వతంగా వంచడానికి కావాల్సిన బలం మందం వర్గంతో పెరుగుతుంది. 1.5 నుంచి 3 అంటే నాలుగు రెట్లు. 5052-హెచ్32 వంగిపోయే బలం 190 మెగాపాస్కల్స్ చుట్టుపక్కల, మామూలు స్టీలుది 250 దగ్గర. అంటే లోహం మెత్తదనం వల్ల తగ్గేది పావు వంతే. మొత్తంగా మెషిన్ మోయగలదని రాసినదానికి మూడు రెట్ల భారం నేను వేస్తున్నాను. పూర్తి వెడల్పులో ఇలాంటి రేకుకు దీని హద్దు 1.7 దగ్గరే ఆగిపోతుంది. అమ్మేటప్పుడు ఆ ఒక్క అంకె చెప్పి ఉంటే ఆ రెండు రేకులూ మిగిలేవి.

మూడో ముక్కను అట్టతో దారికి తెచ్చాను. దళసరి అట్టను 600 వెడల్పు పట్టీగా కోసి రేకు బయటి ముఖం మీద సరిగ్గా మధ్యలో టేపుతో అంటించాను. దాని మీద 300 వెడల్పుది ఇంకొకటి. ముందున్న రెండు రోలర్ల పట్టు కాస్త వదులు చేసి తిప్పితే, నడుము వంగిన చోట ఆ అట్ట మందం లోటు పూడ్చింది. ఒక్క దెబ్బకు రాలేదు. మూడు సార్లు అట్ట మార్చాను, 300 పట్టీని ఒకసారి 350 చేశాను. చివరికి సందు ఒక మిల్లీమీటరు లోపుకు దిగింది. దాన్ని అమర్చి కప్పు రేకు వేసినప్పుడు అల రాలేదు. కానీ ప్రతి ముక్కకూ ఇంత తంటా పడడం నా వల్ల కాలేదు. మిగతావాటిని 600 ముక్కలుగా చేసి, అతుకు సరిగ్గా ఫ్రేము కమ్మీ మీద పడేలా అమర్చాను. ముక్క సగమైతే రోలర్ మీద భారమూ సగమే.

మధ్యలో ఇంకో విషయం. ఒకసారి రేకు మీద వరసగా చిన్న చుక్కలు పడ్డాయి, సరిగ్గా 157 మిల్లీమీటర్లకు ఒకటి. నా రోలర్ వ్యాసం 50, చుట్టుకొలత 157. రోలర్‌కు అతుక్కున్న అల్యూమినియం రజను తిరిగిన ప్రతిసారీ గుద్దుతోందన్నమాట. అప్పటి నుంచి రేకు మీద ప్లాస్టిక్ పొర తీయకుండానే తిప్పుతున్నాను, ముందు రోలర్లు తుడుస్తున్నాను.

ఇప్పుడు ఎవరైనా కొనమంటావా అని అడిగితే, ముందు మీ రేకు వెడల్పెంత అని అడుగుతున్నాను. రోలర్ వ్యాసం ఒకటే అయినప్పుడు, అదే రేకును పూర్తి వెడల్పులో వంచితే, పొడవు సగమున్న రోలర్ నడుము వంపు పదహారో వంతుకు తగ్గుతుంది. పొడవు అంతే ఉంచి వ్యాసం 50 నుంచి 75కి పెంచినా ఐదో వంతుకు పడిపోతుంది. అందుకే పొడుగు మెషిన్ చూసి మురిసిపోవడం కంటే రోలర్ లావు చూడాలన్నది నా అభిప్రాయం. నా దగ్గర చోటు తక్కువ, మూడు ఫేజుల కరెంటు లేదు, ఏడాదికి ఒక బండి కంటే ఎక్కువ చేయను. కాబట్టి దీన్ని అమ్మే ఆలోచన లేదు. నెలకో బాడీ కట్టేవాళ్ల సంగతి వేరు. వాళ్లు మోటారు మెషిన్ ఉన్న చోట పొడుగు ఒంపులు తిప్పించుకుంటేనే సుఖమేమో. నేనూ వెనక వైపు మూల ముక్కలు రెండు అలాగే బయట చేయించాను. ముందు మడ్‌గార్డులు మాత్రం మళ్లీ నా మెషిన్ మీదే. వాటి వెడల్పు 420, మందం 2. టెంప్లేట్ మూడు చోట్లా పెట్టి చూశాను, ఎక్కడా వెలుతురు లేదు.