తోలు కవచం: ఒంటి మీదే మలచాలా, అచ్చు మీదా? ఏది మేలు?

పౌరాణిక నాటకానికో ఫొటో షూట్‌కో కవచం చేసేవాళ్లకు మొదట వచ్చే సందేహం ఇదే. తడిపిన తోలును వేసుకునే మనిషి ఒంటి మీదే ఒత్తేయవచ్చా, ప్లాస్టర్ అచ్చు తీయాలా? ముంజేతి తొడుగుకు చెయ్యే చాలు. ఛాతీకి, వీపుకి, ముఖానికి మాత్రం అచ్చు లేకుండా దిగవద్దు. విశాఖ తేమ గాలిలో మరీను.

రెండింటికీ కావలసింది చెట్ల బెరడుతో పదును చేసిన తోలే. క్రోమ్ తోలు, అంటే క్రోమియం లవణాలతో పదును చేసినది, ఎంత నానినా ఆరాక మళ్లీ చదునైపోతుంది. రంగు వేయని ముక్క అంచు కోసి చూడండి: క్రోమ్ తోలు నీలిబూడిదగా, బెరడు తోలు గోధుమ రంగులో ఉంటుంది. తోలుబొమ్మల తోలు అసలు పదును చేయనిది, ఈ పనికి రాదు. మందం ముఖానికి 2 మిల్లీమీటర్లు, ముంజేతికి 3, ఛాతీకి 3.5 నుంచి 4. పశువు భుజం భాగం తోలు బాగా సాగుతుంది. పొట్ట తోలు ఇంకా సాగుతుంది కానీ ఆకారం నిలబెట్టుకోదు.

ఒంటి మీద చేసే పద్ధతి తేలిక. గోరువెచ్చని నీళ్లలో బుడగలు ఆగేదాకా నానబెట్టి, బయటికి తీసి, పైన రంగు కాస్త లేతబడేవరకు ఆగాలి. చేతికి పలచని నూలు గుడ్డ, దానిపై తోలు, ఆపైన క్రేప్ బ్యాండేజీ చుట్టాలి. అరగంట చెయ్యి కదపకుంటే ఒంపు పడుతుంది. మెల్లగా తీసి, లోపల టవల్ కూరి ఆరబెట్టాలి.

ఇదే పని ఛాతీ మీద చేస్తే చెడుతుంది. ఊపిరి తీసినప్పుడల్లా తోలు జరుగుతుంది. పూర్తిగా ఆరేదాకా మనిషి కదలకుండా నిలబడలేడు, ముందే తీస్తే గుంటలు పైకి లేచిపోతాయి. అన్నిటికన్నా పెద్ద చిక్కు, కింద మెత్తటి కండ ఉండటం. పుల్లతో ఎంత నొక్కినా కండ లోపలికి పోతుంది తప్ప తోలు మీద గీత పడదు. కండల గీతలు, పక్కటెముకల వరసలు కావాలంటే కింద గట్టి ఆధారం ఉండాల్సిందే.

అచ్చుకు ముందు ఒంటికి వాజిలిన్ దట్టంగా పూయాలి, రోమాలున్నచోట ఇంకాస్త ఎక్కువ. 15 సెంటీమీటర్ల వెడల్పు ప్లాస్టర్ బ్యాండేజీ నాలుగైదు పొరలు వేసి, ఇరవై నిమిషాల్లో తీయవచ్చు. ముఖానికైతే ముక్కురంధ్రాలు మూయకూడదు. ప్లాస్టర్ ముద్దను నేరుగా ఒంటి మీద మందంగా పోయవద్దు, గట్టిపడేటప్పుడు పుట్టే వేడికి చర్మం కాలుతుంది. తీసిన తొడుగు లోపల వాజిలిన్ పూసి, మూడు పాళ్ల ప్లాస్టర్‌కు రెండు పాళ్ల నీళ్లు తూకం ప్రకారం కలిపి పోయాలి. అది వారం ఆరాక, తోలు మందంలో గీతలు మొద్దుబారతాయి కాబట్టి, అచ్చు మీద గీతలను రెండు మూడు మిల్లీమీటర్లు లోతు చేసుకోవాలి. తరవాత లక్క పాలిష్ రెండు పూతలు వేయాలి, లేకపోతే తెల్ల పొడి తోలుకు అంటుకుంటుంది. లోపల వేసుకునే జుబ్బా మందాన్ని అచ్చుకు గుడ్డ చుట్టి ముందే కలుపుకోవాలి. ఈ లెక్క మరిచిపోతే కవచం బిగుతై వృథా.

తోలు అంచుకు రెండు సెంటీమీటర్లు ఎక్కువ వదిలి, ఇత్తడి మేకులతో బిగించండి. ఇనుప మేకు తడి తోలుకు తగిలితే నల్ల మచ్చ పడుతుంది, అది సులువుగా పోదు. ఎముక పుల్లతో లేదా స్పూన్ వెనక భాగంతో, నడిమి నుంచి అంచులకు నొక్కుతూ రావాలి.

ఇక ఆరడం. జూలై నుంచి అక్టోబరు దాకా ఇక్కడి తేమకు రెండు రోజులైనా చాలదు, అచ్చు వైపు బూజు పట్టేస్తుంది. ఆకారం గట్టిపడగానే, అంటే దాదాపు పద్దెనిమిది గంటలకు, అచ్చు నుంచి ఎత్తి, లోపలికి ఫ్యాన్ గాలి తగలనిచ్చి మళ్లీ తొడగండి. తొందరపడి డాబా మీద ఎండలో పెడితే పై పొర ముందే ఆరి బీటలిస్తుంది, అంచులు ముడుచుకుంటాయి.

మరిగే నీళ్లలో ముంచి గట్టిపరిచే పద్ధతి ఒకటుంది. తోలు రాయిలా అవుతుంది, కానీ ఎంత కుంచించుకుంటుందో ముక్క ముక్కకూ మారుతుంది. కొలత ముఖ్యమైన ఒంటి తొడుగుకు అది వద్దు.

పూర్తయ్యాక చెమట తోలులోకి దిగకుండా లోపల నూలు అస్తరు కుట్టండి. ముందు, వెనక పలకల మధ్య పక్కల్లో నాలుగు సెంటీమీటర్ల సందు వదిలి పట్టీలు వేయండి. పద్యం ఎత్తుకున్నప్పుడు ఊపిరి ఆడటానికి ఆ సందు కావాలి.