చెదల మందు కొట్టించే ముందు డబ్బా చూడండి (1 స్టార్)

విశాఖ సీతమ్మధారలో మా ఇంటికి చెదల మందు కొట్టడానికి ఒక పెస్ట్ కంట్రోల్ వాళ్లని పిలిచాం. టైమ్‌కి వచ్చారు, పని నీట్‌గానే చేశారు. ఏం మందండీ అంటే "హెర్బల్ మేడమ్, ఏం కాదు" అన్నారు, డబ్బా తిప్పి చూస్తే క్లోర్‌పైరిఫాస్ అనే రసాయన పురుగుమందు, కింద బాగా విషమని చెప్పే పసుపు త్రికోణం గుర్తు! అమెరికాలో ఇళ్లలో దీని వాడకం 2001కల్లా దాదాపు ఆపించేశారు. పుట్టినప్పుడు బొడ్డుతాడు రక్తంలో ఈ మందు ఎక్కువున్న పిల్లలకి ఏడేళ్ల వయసులో ఐక్యూ, జ్ఞాపకశక్తి కాస్త తక్కువగా కనిపించాయని న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీ వాళ్లు 2011లో రాశారు. ఇదొక్కటే కారణమని ఎవరూ తేల్చలేదు, అయినా పాకే పిల్ల ఉందని ముందే చెప్పాం కదా, గోడ వారన తడి ఆరకుండానే "గంటలో లోపలికి వెళ్లిపోవచ్చు" అనడమేంటి? మా పాప గిలక్కాయ ఆ తడిలోనే పడుంది. గర్భిణులు, పసిపిల్లలు ఉన్న ఇళ్లవాళ్లు వీళ్లని పిలవకండి.