రుబ్బురాళ్ళు తిరగబడే లోకం కావాలంటే లార్కో మ్యూజియంకి వెళ్ళండి

పెరూ వెళ్ళే మనవాళ్ళు చాలామంది లీమాలో దిగి, ఒక రాత్రి పడుకుని, తెల్లారగానే కుస్కో ఫ్లైట్ ఎక్కేస్తారు. మాచూ పిచ్చూ తప్ప ఇంకేమీ బుర్రలో ఉండదు. నేనూ ముందు అలాగే టికెట్లు బుక్ చేసుకున్నాను కానీ, తర్వాత కుస్కో ప్రయాణం ఒక రోజు వాయిదా వేశాను, కేవలం లీమాలోనే ఉన్న ఈ లార్కో మ్యూజియం కోసం.

ఎందుకో చెప్తాను. మేం ఆరుగురం శనివారం రాత్రిళ్ళు డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం. టేబుల్ చుట్టూ కూర్చుని, ఒకరు కథ చెప్తుంటే మిగతావాళ్ళు అందులో పాత్రలై డైస్ వేస్తూ నడిపించే ఆట అది, మా ఆట నడిపేది నేను. ఈసారి కథ ఆండీస్ వైపు పెడతానని అందరికీ మాటిచ్చేశాను. ఆ ధైర్యంతో ఆన్‌లైన్‌లో ఒక గేమ్ పుస్తకం కొంటే, అందులో ఎక్కడ చూసినా దట్టమైన అడవి, అడవి మధ్యలో మెట్ల పిరమిడ్, దేవుళ్ళ పేర్లేమో ఇంకాలవి, క్యాలెండరేమో అజ్టెక్‌లది. వేల కిలోమీటర్ల దూరంలో బతికిన జనాల్ని ఒకే గిన్నెలో వేసి కలిపేశారు. చదువుతుంటే బాధేసింది, ఎందుకంటే అసలు సరుకు దానికన్నా ఎంతో బాగుంటుంది. ఆ అసలు సరుకు ఒకే చోట ఇంత దగ్గరగా చూడగలిగింది నాకు లార్కోలోనే.

మ్యూజియం ప్వెబ్లో లిబ్రే అనే పేటలో ఉంది. తెల్ల గోడల మీద నుంచి కాగితంపూల తీగలు గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటాయి. స్పానిష్‌వాళ్ళ కాలంలో, 18వ శతాబ్దంలో కట్టిన బంగళా అది, దాని అడుగున ఉన్నది 7వ శతాబ్దపు పిరమిడ్. పిరమిడ్ నెత్తి మీద ఇల్లు! గేటు దాటక ముందే నాకు మొదటి సీన్ దొరికేసింది. దీన్ని 1926లో పురావస్తు పరిశోధకుడు రఫాయెల్ లార్కో హోయ్లే ఉత్తరాన త్రుహీయో దగ్గర చిక్లీన్‌లో మొదలుపెట్టారు, లీమాకి వచ్చింది ఆ తర్వాతే. గ్యాలరీలు చక్కగా ఉన్నాయి, ఇంకాలకి ముందు ఉత్తర తీరాన్ని ఏలిన చిమూల దొర ఒంటి మీది బంగారమంతా ఒక్క సెట్‌గా పెట్టిన గాజు పెట్టె ముందు ఎవరైనా ఆగిపోవాల్సిందే. శృంగార కుండల గది వేరుగా, తోట అవతల ఉంది, పిల్లలతో వెళ్ళేవాళ్ళు ముందే తెలుసుకుంటే మంచిది.

కానీ ఆట నడిపేవాళ్ళకి అసలైన గది స్టోర్ రూమ్. మామూలుగా మ్యూజియం గోడౌన్‌లోకి ఎవరినీ రానివ్వరు కదా, ఇక్కడ తలుపులు తీసే ఉంచుతారు. నేల నుంచి కప్పు దాకా గాజు బీరువాలు, వాటిలో సుమారు 30,000 కుండలు, ఏ రకానికి ఆ రకం విడదీసి సర్దారు. గుడ్లగూబలన్నీ ఒకచోట, కుక్కలన్నీ ఒకచోట, మొక్కజొన్నలు, చేపలు, పడవలు, నిద్రపోయేవాళ్ళు, గుడ్డివాళ్ళు. మనుషుల ముఖాల వరసలో నేను గంట పైనే నిలబడ్డాను. మోచే జనం చేసినవి ఇవి, ఇంకాలకి ఎన్నో వందల ఏళ్ళ ముందు, సుమారు క్రీ.శ. 100 నుంచి 800 మధ్య, ఉత్తర తీరంలో బతికినవాళ్ళు. ఒక ముఖానికి బుగ్గ కాస్త ఉబ్బి ఉంది, ఇంకో ఆయన పెదవి బిగించి ఎవరి మాటకో లోపల్లోపల మండిపోతున్నట్టున్నాడు. ఎవరో ఒక అసలు మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చేసినట్టే ఉంటాయి. వీటిని ఏళ్ళ తరబడి చూసిన క్రిస్టఫర్ డొనన్ అనే పరిశోధకుడు, ఒకే మనిషి వేరువేరు వయసుల్లో కనిపిస్తున్నాడని గుర్తుపట్టారు. తలపాగాతో దర్జాగా ఉన్నవాళ్ళలో కొందరు ఇంకో కుండ మీద మెడకి తాడుతో బందీలుగా కనిపిస్తారట. మా క్యాంపెయిన్‌లో, అంటే వారం వారం సాగే మా కథలో, విలన్ నాకు ఆ బీరువా ముందే పుట్టాడు. మా హీరోలు ఏ ఊళ్ళో అడుగుపెట్టినా ఆ విలన్ ముఖం కుండగా ఎదురవుతుంది, ఒక్కోచోట ఒక్కో వయసు, ఆఖరి కుండ మీద మాత్రం మెడకి తాడుంటుంది.

కుండల పైన మూతి చూడండి. రెండు గొట్టాలు విల్లులా వంగి పైన కలుస్తాయి, కలిసినచోట నుంచి ఒకే మూతి లేస్తుంది. ఆ మూతి పొడవు, అంచు, ఆకారం పట్టుకుని లార్కో హోయ్లే 1948లో మోచే కాలాన్ని ఐదు దశలుగా విడదీశారు. నేను దాన్ని అలాగే ఆటలోకి తెచ్చేశాను. మా వాళ్ళు సమాధిలో పగిలిన కుండ ముక్క దొరికితే పారేయరు, మూతి ఎలా ఉందని అడుగుతారు. దాన్ని బట్టే ఆ సమాధి ఎవరి కాలానిదో తేల్చుకోవాలి.

లార్కో హోయ్లేకే ఇంకో ఊహ ఉండేది. కుండల మీద సంచులు పట్టుకుని పరిగెత్తే మనుషులు, వాళ్ళ చుట్టూ చుక్కలూ గీతలూ ఉన్న చిక్కుడు గింజలు కనిపిస్తాయి. ఆ గింజల మీది గుర్తులు రాత అని ఆయన వాదం. చాలామంది ఒప్పుకోలేదు, కొందరు అది గింజలతో ఆడిన ఏదో ఆట అన్నారు. నాకైతే రెండూ కావాలి! మా ఇంట్లో చిన్నప్పుడు చింతగింజలు అరగదీసి, ఒక వైపు తెల్లగా చేసి, వాటినే పందెంగా వేసి అష్టాచెమ్మా ఆడేవాళ్ళం. అందుకే మా కథలో దూతలు తెచ్చే ఉత్తరం ఒక గింజల సంచి, దాన్ని చదవాలంటే చాప మీద విసరాలి, ఎలా పడితే అలా అర్థం. నిజంగానే చింతగింజలు తెచ్చి టేబుల్ మీద పెట్టాను, ఆ రోజు డైస్ ఎవరూ ముట్టుకోలేదు.

కీపులు కూడా ఉన్నాయి, అంటే ముడుల తాళ్ళు, ఇంకాల లెక్కల పుస్తకాలు. అడ్డంగా ఒక తాడు, దానికి వేలాడే సన్న తాళ్ళు. కింద ఒకట్ల స్థానం, పైకి వెళ్ళేకొద్దీ పదులు, వందలు, సున్నా అంటే ఆ చోట ముడి లేకుండా ఖాళీ. దగ్గరికెళ్ళి చూస్తే ఒకట్ల చోట ముడికి ఎన్ని చుట్లున్నాయో కంటితో లెక్కపెట్టొచ్చు. ఇప్పుడు మా ఆటలో ఒక్కొక్కరికి ఒక తాడు ఇస్తున్నాను, హిట్ పాయింట్స్, అంటే పాత్రకి మిగిలిన ప్రాణబలం, అన్నీ అందులో ముడులే. దెబ్బ తగిలితే ఎవరి ముడి వాళ్ళే విప్పుకోవాలి. కాగితం మీద అంకె కొట్టేయడం వేరు, గోటితో ముడి లాగి విప్పడం వేరు, అందరూ నోరు మూసుకుని వేళ్ళ వంక చూస్తుంటారు.

నాకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం వస్తువుల తిరుగుబాటు. మోచే కుండల మీద గదలకీ డాళ్ళకీ కాళ్ళూ చేతులూ మొలిచి ఉంటాయి. వాకా దె లా లూనా అనే మోచే గుడి గోడ మీద, జర్మనీలో మ్యూనిక్‌లో ఉన్న ఒక కుండ మీద అవే వస్తువులు మనుషుల మీద పడి కొట్టి పట్టుకుంటున్న బొమ్మలున్నాయి. ఎన్నో వందల ఏళ్ళ తర్వాత, 1600ల మొదట్లో, లీమా పక్క కొండల్లో, ఇంకాల భాష కెచువాలో రాసిపెట్టిన వరోచిరీ కథల్లో ఇలాంటిదే ఉంది. సూర్యుడు చచ్చిపోయి ఐదు రోజులు చీకటైపోయిందట, రాళ్ళు ఒకదాన్నొకటి కొట్టుకున్నాయట, రోళ్ళూ రుబ్బురాళ్ళూ మనుషుల్ని తినడం మొదలెట్టాయట, లామాలు మనుషుల్ని తోలాయట. నేను దీన్ని ఆటలో పెట్టిన రాత్రి లైట్లు ఆర్పేసి ఒక్క దీపం పెట్టాను. మూడో రోజు చీకట్లో వంటింట్లోంచి రాయి దొర్లుతున్న చప్పుడు వస్తోందని చెప్పగానే, మా అందరిలో చిన్నవాడు మెల్లగా అడిగాడు, "అక్కా, నా గద నేను ఒక్కసారి కూడా తుడవలేదు, అది గుర్తుపెట్టుకుందా?" గుర్తుపెట్టుకుంది మరి. అప్పటి నుంచి ఆట మొదలయ్యే ముందు అందరూ ఎవరి ఆయుధం వాళ్ళు తుడుచుకుంటున్నామని చెప్పకుండా కూర్చోవడం లేదు.

చూశారుగా, ఈ వస్తువుల రూపం మాత్రమే తెచ్చుకుంటే మిగిలేది వేషమే. అది ఏం పని చేసేది, ఎవరు దానికి భయపడేవాళ్ళు అని అడిగితే ఆటకి రూల్ దొరుకుతుంది. ఎడారి తీరం, కాలువలతో పండించిన లోయలు, ఎల్ నీన్యో వానలకి కొట్టుకుపోయే పొలాలు, ఇదీ మోచేల ప్రపంచం. అడవి ఊసే లేదు.

ఇంకొకటి. మన ఆటల్లో హీరోలు సమాధుల్లో దూరి బంగారం తెస్తారు కదా, పెరూలో ఆ పని చేసేవాళ్ళని వాకేరోలు అంటారు. వాకా అంటే పవిత్రమైన చోటు లేదా వస్తువు. 1987లో ఉత్తర తీరంలోని సిపాన్‌లో దొంగలు తవ్వుతున్నారని తెలిసి వాల్తర్ ఆల్వా అనే పురావస్తు పరిశోధకుడు వెళ్ళి కాపాడకపోతే, అక్కడి మోచే దొర సమాధి ముక్కలుముక్కలుగా అమ్ముడుపోయేది. కుండల మీద రక్తం కప్పు అందుకునే పూజారి బొమ్మలో ఉన్న నగలూ కిరీటమూ ఆ సమాధిలో నిజంగా దొరికాయి, అంటే బొమ్మల్లోని మనిషి కల్పన కాదు. అందుకే మా ఆటలో హీరోల పని ఇప్పుడు వాకాని కాపాడటం, దోచేవాళ్ళే శత్రువులు. అక్కడి పాత జనాల వారసులు ఈ రోజుకీ ఉన్నారు, వాళ్ళ తాతల సమాధి మనకి లూట్, అంటే దోపిడీ సొమ్ము, కాకూడదు అనిపించింది నాకు.

కనీసం మూడు గంటలు పెట్టుకోండి, ఫ్లాష్ ఆపేసి ఫోటోలు తీసుకోండి, స్టోర్ రూమ్ ముందు చూసి గ్యాలరీలు తర్వాత చూడండి. అంత దూరం వెళ్ళలేనివాళ్ళకి మ్యూజియం కేటలాగ్ వాళ్ళ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంది, వేల వస్తువులు ఫోటోలతో సహా. నేను ఇప్పుడు ఆ కేటలాగ్‌లో గుడ్లగూబల దగ్గర ఉన్నాను, వచ్చే శనివారానికి ఒక పూజారి కావాలి.