ఇన్‌కాయిస్ సునామీ హెచ్చరిక సేవ: బులెటిన్ దాకా భేష్, ఊరి దాకా ఇంకా రావాలి

2004 డిసెంబరు 26న ఉదయం 6.29కి సుమత్రా దగ్గర సముద్రం అడుగున భూమి కదిలింది. తొలి అల విశాఖ తీరాన్ని తాకేసరికి తొమ్మిది దాటింది. నడుమ రెండున్నర గంటలున్నా మన తీరానికి కబురు చెప్పే నాథుడు లేడు. ఆంధ్ర తీరంలోనే వంద మందికి పైగా పోయారు. 2007 అక్టోబరులో హైదరాబాద్ ప్రగతి నగర్‌లోని భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం (ఇన్‌కాయిస్)లో సునామీ హెచ్చరిక కేంద్రం పుట్టింది ఆ లోటు పూడ్చడానికే. కాబట్టి ఈ సేవను తూచాల్సింది కూడా ఆ రెండున్నర గంటలతోనే.

మొదటి సగానికి, అంటే బులెటిన్ తయారయ్యేదాకా జరిగే పనికి, వంక పెట్టలేం. సముద్రం అడుగున 6.5, అంతకు మించిన భూకంపం వస్తే పది నిమిషాల్లో తొలి బులెటిన్ వెలువడాలన్నది లక్ష్యం. ఆ వెంటనే, ముందే లెక్కగట్టి ఉంచిన నమూనాల్లోంచి ఈ భూకంపానికి దగ్గరగా ఉన్నదాన్ని తీసి, ఏ తీరానికి ఎప్పుడు ఎంత అల వస్తుందో చెబుతారు. అల చేరడానికి గంట కూడా పట్టని అండమాన్, నికోబార్ లాంటి చోట్లకు భూకంపం లెక్కతోనే హెచ్చరిక ఇస్తారు. దూరంగా ఉన్న మనకు నీటిమట్టం కొలతలు చూశాక స్థాయి పెంచడమో తగ్గించడమో చేస్తారు. ఈ ఆగడం అనవసరం కాదు. 2012 ఏప్రిల్ 11న సుమత్రా పక్కనే 8.6 తీవ్రతతో కంపించినా, నేల పైకి లేవకుండా పక్కకు జారడంతో పెద్ద సునామీ రాలేదు. తీవ్రత ఒక్కటే చూస్తే తీరమంతా ఖాళీ చేయించాల్సి వచ్చేది.

నీటిమట్టం చెప్పేది సముద్రం అడుగున ఉంచే పీడన పరికరం. కిలోమీటర్ల లోతున ఉండి కూడా పైన నీరు ఒక సెంటీమీటరు లేస్తే పసిగట్టేంత సున్నితం అది. ఆ సంకేతం నీటిపై తేలే బోయాకు చేరి, అక్కణ్నుంచి ఉపగ్రహానికి పోతుంది. చిక్కంతా బోయాతోనే. దాని నీడన చేపలు గుంపు కడతాయి, చేపల కోసం బోట్లు వస్తాయి, బోయాకే తాడు కడతాయి. యాంటెన్నా విరిగినా లంగరు తెగినా ఆ దిక్కున కేంద్రానికి కన్ను పోయినట్టే. వేటకెళ్లేవాళ్లు బోయాకు దూరంగా ఉండాలి. అది కాపాడేది వాళ్ల ఇళ్లనే.

ఇక అసలు లోపం. బులెటిన్‌లో స్థాయిలు మూడు. రెండు మీటర్లకు మించిన అల వస్తుందంటే వార్నింగ్, పల్లపు తీరం ఖాళీ చేయాలి. అర మీటరు నుంచి రెండు మీటర్ల దాకా అలర్ట్, ఒడ్డుకు, పల్లానికి పోకూడదు. అంతకన్నా తక్కువైతే వాచ్, తర్వాతి కబురు కోసం చూడాలి. తెలుగులోకి వచ్చేసరికి మూడూ ‘సునామీ హెచ్చరిక’ అయిపోతున్నాయి. వాచ్‌కే ఊరు పరుగెత్తితే, వార్నింగ్ వచ్చిన రోజున కదిలేవాళ్లుండరు. అలాగే ‘ఒక మీటరు’ అన్నది మామూలు నీటిమట్టం మీద తీరం దగ్గర లెక్క. నేల మీదికి, ఏటి మొగల్లోకి ఎక్కేటప్పుడు అది పెరగొచ్చు. పోటు సమయమైతే మరీను.

కేంద్రం పరిధికి అందనివీ ఉన్నాయి. 2018 డిసెంబరులో ఇండోనేషియాలో అనక్ క్రకటోవా అగ్నిపర్వతం పక్క కూలి సునామీ లేచింది. ముందు పెద్ద భూకంపమేదీ లేదు. నిలబడలేనంతగా నేల ఊగినా, కెరటం ఉన్నట్టుండి లోనికి లాగినా, సముద్రం హోరు మారినా బులెటిన్ కోసం చూడకుండా ఎత్తైన చోటికి పోవాలి.

బులెటిన్ ఊరి దాకా రావడమంటే ఏమిటో ఒడిశా చూపింది. నోలియాసాహి, వెంకట్రాయపూర్ గ్రామాలకు 2020లో యునెస్కో ‘సునామీ రెడీ’ గుర్తింపు దక్కింది. ముంపు పటం, దారి చూపే బోర్డులు, రాత్రీ పగలూ కబురందే ఏర్పాటు, కసరత్తులు లాంటి 12 కొలమానాలు దాటాలి. రెండోది మన సరిహద్దు దాటగానే వచ్చే గంజాం జిల్లాలోనిది. మన తీరంలోని ప్రతి మత్స్యకార గ్రామానికీ ఇదే కావాలి.

ఈలోగా ఫోన్‌లో ఇన్‌కాయిస్ ‘సముద్ర’, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ‘సచేత్’ యాప్‌లు రెండూ ఉంచుకోండి. నోటిఫికేషన్లు, లొకేషన్ ఆన్‌లో ఉండాలి. బ్యాటరీ సేవర్ యాప్‌ను నిద్రపుచ్చకుండా మినహాయింపు ఇవ్వండి. సముద్రంలో వంద బారల లోతు దాటి ఉన్న బోటు అక్కడే ఆగడం మేలు. రేవులో కట్టి ఉన్నదాని కోసం మాత్రం వెనక్కి వెళ్లొద్దు. మొదటి అల తగ్గిందని ఇంటికి పోవద్దు. తర్వాతివి పది నిమిషాలకో గంటకో రావచ్చు, మొదటిదాని కన్నా పెద్దవీ కావచ్చు. ముప్పు తొలగిందన్న బులెటిన్ వచ్చాకే దిగాలి.