ఆఫీసు సర్వర్‌గా డెబియన్: 2019 నుంచి వాడుతున్న అనుభవం

మా ఆఫీసు నెట్‌వర్క్ మొత్తం ఒకే సర్వర్ మీద నడుస్తుంది. కంప్యూటర్లకు ఐపీ అడ్రసులు ఇచ్చే డీహెచ్‌సీపీ, పేర్లను అడ్రసులుగా మార్చే డీఎన్‌ఎస్, లోపలి వెబ్‌సైట్లు, ఫైళ్ల షేరింగ్, బయటి నుంచి పనిచేసేవాళ్లకు వీపీఎన్, గడియారాలను సరిచేసే ఎన్‌టీపీ అన్నీ దానిలోనే ఉన్నాయి. దాని మీద ఉన్నది డెబియన్ అనే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్. 2019లో డెబియన్ 10తో మొదలుపెట్టాను. 11, 12 దాటుకుని ఇప్పుడు 13 మీద ఉన్నాను. మధ్యలో ఎక్కడా డిస్క్ తుడిచి మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సిన అవసరం రాలేదు.

సెట్ చేసిన రోజు ఏ సర్వర్ అయినా బాగానే పనిచేస్తుంది. కరెంటు పోయి వచ్చాక ఎవరూ ముట్టుకోకుండానే సర్వీసులన్నీ లేచాయా, రెండేళ్ల తర్వాత అప్‌గ్రేడ్ చేస్తే మనం రాసుకున్న సెట్టింగులు చెక్కుచెదరకుండా ఉన్నాయా అన్నవే నేను చూసే పరీక్షలు. అప్‌గ్రేడ్ విషయంలో డెబియన్‌కు దాదాపు పూర్తి మార్కులు వేస్తాను. రీబూట్ విషయంలో మాత్రం కొంత పని మనమే చేసుకోవాలి. ఆ పని ఏమిటో కాస్త వివరంగానే చెబుతాను.

ముందు అప్‌గ్రేడ్ సంగతి. డెబియన్ స్టేబుల్‌లో ఒక విడుదల వచ్చాక అందులోని సాఫ్ట్‌వేర్ వెర్షన్లు దాదాపు అలాగే ఉండిపోతాయి. భద్రతా లోపం బయటపడితే ఆ సవరణను మాత్రం పాత వెర్షన్‌లోకే తెచ్చి కలుపుతారు. కాబట్టి మామూలు అప్‌డేట్ వల్ల కాన్ఫిగరేషన్ ఫైల్ రాసే పద్ధతి మారిపోయే ప్రమాదం చాలా తక్కువ. ఒక్కో విడుదలకు మూడేళ్ల పూర్తి మద్దతు, ఆపైన రెండేళ్ల ఎల్‌టీఎస్ (పొడిగించిన మద్దతు) ఉంటాయి. అంటే తీరిక చూసుకుని అప్‌గ్రేడ్ చేయడానికి కావలసినంత సమయం ఉంటుంది. మనం మార్చిన ఫైల్‌కు కొత్త ప్యాకేజీలో వేరే రూపం వచ్చినప్పుడు, ఏది ఉంచాలో అప్‌గ్రేడ్ మధ్యలో ఆగి అడుగుతుంది. ఏమీ చెప్పకుండా ఎంటర్ కొడితే మన ఫైలే ఉంటుంది. ఈ ఒక్క జాగ్రత్త వల్ల నాకు ఎంత టెన్షన్ తగ్గిందో చెప్పలేను.

ఆ ప్రశ్న కూడా రాకుండా ఉండాలంటే అసలు ఫైల్‌ను ముట్టుకోకపోవడం మంచిది. దూరం నుంచి లాగిన్ అవడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌కు డెబియన్ 11 నుంచి విడిగా ఒక ఫోల్డర్ ఉంది. అందులో మన రెండు మూడు లైన్లతో చిన్న ఫైల్ పెడితే చాలు. బూట్‌లో సర్వీసులను మొదలుపెట్టి నడిపే సిస్టమ్‌డీలోనూ ఇలాంటి సదుపాయమే ఉంది. వీటన్నిటికీ తోడు ఈటీసీకీపర్ తప్పకుండా వేసుకోండి. అది సెట్టింగుల ఫైళ్లుండే ఈటీసీ ఫోల్డర్ మొత్తాన్ని, మార్పుల చరిత్రను దాచే గిట్‌లో ఉంచుతుంది, ప్యాకేజీలు మారిన ప్రతిసారీ దానంతట అదే నమోదు చేస్తుంది. ఏ రోజు ఏ లైన్ మారిందో తర్వాత ఎప్పుడైనా చూసుకోవచ్చు.

అయితే విడుదల నోట్స్ చదవకుండా ముందుకు వెళ్లకూడదు. డెబియన్ 11లో భద్రతా అప్‌డేట్ల రిపాజిటరీ (ప్యాకేజీలు వచ్చే చోటు) పేరు రాసే తీరు మారింది. పాత లైన్‌లో విడుదల పేరు ఒక్కటే మార్చి వదిలేస్తే సరిపోదు. డెబియన్ 12లో లాగ్‌లను ఫైళ్లలో రాసే ఆర్‌సిస్‌లాగ్ డీఫాల్ట్‌గా రావడం ఆగిపోయింది, లాగ్‌లన్నీ సిస్టమ్‌డీ జర్నల్‌లోనే ఉంటాయి. అప్‌గ్రేడ్ చేసిన మెషీన్‌లో పాతది అలాగే మిగిలింది కాబట్టి తేడా తెలియలేదు. కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన రెండో మెషీన్‌లో మాత్రం తప్పు పాస్‌వర్డ్‌లతో పదేపదే ప్రయత్నించేవాళ్లను అడ్డుకునే ఫెయిల్‌టుబ్యాన్ వెతికే లాగ్ ఫైలే లేదు, దాంతో అది మొదలవ్వలేదు. జర్నల్ నుంచి చదవమని ఒక్క లైన్ చేరిస్తే సరిపోయింది. డెబియన్ 13లో టెంప్ ఫోల్డర్ డిస్క్ మీద కాకుండా మెమరీలో ఉంటుంది. పెద్ద ఫైళ్లను అక్కడ తాత్కాలికంగా దాచే స్క్రిప్టులు ఉంటే ముందే సరిచూసుకోవాలి.

ఇక రీబూట్ పరీక్ష. సర్వర్‌కు స్థిరమైన ఐపీ అడ్రసు ఇవ్వడం తేలికే. ఇంటర్‌ఫేసెస్ అనే ఫైల్‌లో నాలుగు లైన్లు రాస్తే అయిపోతుంది. ఇన్‌స్టాలర్ ఆ ఫైల్‌లో నెట్‌వర్క్ కార్డును 'అలౌ-హాట్‌ప్లగ్' అని రాసి పెడుతుంది. కేబుల్ తీసి పెట్టే ల్యాప్‌టాప్‌కు అది సరైనదే. సర్వర్‌లో అయితే కార్డు సిద్ధమయ్యేలోపే వేరే సర్వీసులు మొదలైపోవచ్చు. దాన్ని 'ఆటో'గా మార్చడం నేను ప్రతి కొత్త మెషీన్‌లో చేసే మొదటి పని.

అది మార్చినా ఇంకో చిక్కు ఉంది. ఒక సర్వీసును ఫలానా ఐపీ అడ్రసు మీద మాత్రమే వినమని చెబుతాం. బూట్ సమయంలో ఆ అడ్రసు ఇంకా కార్డుకు రాకపోతే ఆ సర్వీసు ఎర్రర్ ఇచ్చి పడిపోతుంది. తర్వాత చేత్తో స్టార్ట్ చేస్తే మాత్రం చక్కగా లేస్తుంది, అందుకే కారణం పట్టుకోవడం కష్టం. ఐపీ అడ్రసుల్లో పాత రకం ఐపీవీ4, కొత్త రకం ఐపీవీ6. ఐపీవీ6లో ఇది ఇంకా ఎక్కువ. అడ్రసు ఇచ్చిన వెంటనే అది వాడుకలోకి రాదు, అదే అడ్రసు నెట్‌వర్క్‌లో ఇంకెవరికైనా ఉందేమో సిస్టమ్ ముందు వాకబు చేస్తుంది. నేను కుదిరిన చోటల్లా సర్వీసును అన్ని అడ్రసుల మీదా విననిచ్చి, ఎవరు రావచ్చో ఫైర్‌వాల్‌లో నిర్ణయిస్తాను. కుదరని చోట, నెట్‌వర్క్ పూర్తిగా వచ్చాకే మొదలవ్వమని సిస్టమ్‌డీకి చెబుతాను. సిస్టమ్‌డీలో 'నెట్‌వర్క్' అని ఒక టార్గెట్ (బూట్‌లో ఒక మజిలీ), 'నెట్‌వర్క్-ఆన్‌లైన్' అని ఇంకొకటి ఉన్నాయి. మొదటిదానితో అడ్రసు వచ్చిందన్న భరోసా లేదు, కావలసింది రెండోది.

కార్డుల పేర్ల గురించి కూడా ఒక మాట. ఇప్పుడు 'ఈఎన్‌పీ3ఎస్0' లాంటి పేర్లు, ఆ కార్డు మదర్‌బోర్డులో ఉన్న స్థానాన్ని బట్టి వస్తాయి. పాత 'ఈత్0' కన్నా ఇవి నమ్మదగినవే. కానీ ఇంకో కార్డు ఏదైనా కొత్తగా గుచ్చితే ఆ స్థానాల సంఖ్యలు జరగవచ్చు. అప్పుడు కాన్ఫిగరేషన్‌లో ఉన్న పేరు మెషీన్‌లో ఉండదు, సర్వర్ నెట్‌వర్క్‌లో కనిపించదు, మానిటర్, కీబోర్డు తగిలించి కూర్చోవాలి. కార్డుకు తయారీలోనే వచ్చే ఎంఏసీ అడ్రసును బట్టి 'లోపలి', 'బయటి' అని మనకు నచ్చిన పేరు స్థిరంగా ఇచ్చుకునే వీలు సిస్టమ్‌డీలో ఉంది. ఇది ముందే చేసి పెట్టుకోవాలి.

నాకు డెబియన్‌లో నచ్చని విషయాలు రెండు. ఒకటి, ప్యాకేజీ ఇన్‌స్టాల్ అవగానే ఆ సర్వీసు మొదలైపోతుంది. మనం కాన్ఫిగరేషన్ రాసేలోపే అది పోర్టు (నెట్‌వర్క్ నుంచి ఆ సర్వీసుకు వచ్చే దారి) తెరుచుకుని కూర్చుంటుంది. రెండోది, ఫైర్‌వాల్ డీఫాల్ట్‌గా పనిలో ఉండదు. ఫైర్‌వాల్ రూల్స్ రాసే ఎన్‌ఎఫ్‌టేబుల్స్ డెబియన్ 10 నుంచి డీఫాల్ట్ విధానమే అయినా, దానితో వచ్చే ఫైల్ ఎవరినీ ఆపదు, బూట్‌లో దాన్ని ఎనేబుల్ చేయాల్సిందీ మనమే. ఈ రెండూ కలిస్తే కొత్తవాళ్లకు నిజంగా ప్రమాదం. బయటి ప్రపంచానికి నేరుగా కనిపించే మెషీన్ అయితే ముందు ఫైర్‌వాల్ రాసి, ఆ తర్వాతే మిగతా ప్యాకేజీలు వేయండి.

ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌ను మాత్రం మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. పాత ఐపీటేబుల్స్‌లో ఐపీవీ4కు ఒక రూల్ జాబితా, ఐపీవీ6కు వేరే జాబితా ఉండేవి. మొదటిది జాగ్రత్తగా రాసి రెండోది మరిచిపోతే, ముందు తలుపుకు తాళం వేసి పెరటి తలుపు బార్లా తెరిచిపెట్టినట్టే. ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌లో 'ఐనెట్' టేబుల్ రాస్తే ఒకే రూల్ రెండింటికీ వర్తిస్తుంది. ఫైల్ మొత్తం ఒకేసారి అమల్లోకి వస్తుంది, ఒక్క లైన్‌లో తప్పున్నా ఏదీ అమలు కాదు, పాత రూల్స్ అలాగే కొనసాగుతాయి. దూరం నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌లో కూర్చుని మార్పులు చేసేవాళ్లకు ఇది పెద్ద ధైర్యం. ఐపీవీ6లో ఐసీఎంపీని (నెట్‌వర్క్ తన పని కోసం పంపుకునే సందేశాలను) మాత్రం మొత్తంగా ఆపకండి. పక్క మెషీన్ ఎక్కడుందో కనుక్కునే పని కూడా దానితోనే జరుగుతుంది, ఆపితే నెట్‌వర్కే నడవదు. ప్రోగ్రాములను కంటైనర్లనే విడి గదుల్లో నడిపే డాకర్ వాడేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. కంటైనర్ పోర్టును పబ్లిష్ చేస్తే డాకర్ తన సొంత రూల్స్ పెట్టుకుంటుంది. యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ టూల్‌లో మూసేశామనుకున్న పోర్టు బయటికి తెరిచే ఉండొచ్చు.

డీఎన్‌ఎస్, డీహెచ్‌సీపీ రెండింటికీ నేను డీఎన్‌ఎస్‌మాస్క్ వాడుతున్నాను. ఒకే ఫైల్, ఒకే సర్వీసు. ఏ ఎంఏసీ అడ్రసుకు ఏ ఐపీ ఇవ్వాలో రాస్తే, ఆ పేరు డీఎన్‌ఎస్‌లో కూడా వచ్చేస్తుంది. మా అంత ఆఫీసుకు ఇది చాలు. ఒక సర్వర్ పడిపోతే ఇంకోటి అందుకోవాలి అనుకుంటే మాత్రం ఇది సరిపోదు, అప్పుడు కియా అనే డీహెచ్‌సీపీ సర్వర్ వైపు చూడాలి. పాత ఐఎస్‌సీ డీహెచ్‌సీపీ సర్వర్‌కు 2022లోనే మద్దతు ముగిసింది, పాత గైడ్లు చూసి దాన్ని ఇప్పుడు కొత్తగా పెట్టకండి. డీఎన్‌ఎస్‌కు పోర్టు 53ను యూడీపీ, టీసీపీ అనే రెండు రవాణా పద్ధతుల్లోనూ తెరవాలి. జవాబు పెద్దదై యూడీపీలో పట్టకపోతే క్లయింట్ టీసీపీలో మళ్లీ అడుగుతుంది. డీఎన్‌ఎస్, డీహెచ్‌సీపీ రెండూ లోపలి నెట్‌వర్క్‌కు మాత్రమే. ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచిన డీఎన్‌ఎస్ సర్వర్‌ను ఇతరుల మీద దాడికి వాడుకుంటారు.

వెబ్ సర్వర్‌గా ఇంజిన్‌ఎక్స్ ఇన్నేళ్లలో ఇబ్బంది పెట్టలేదు, దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. సైట్ అసలైనదేనని బ్రౌజర్‌కు చూపే సర్టిఫికెట్ల దగ్గరే శ్రద్ధ కావాలి. వీటిని ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ మామూలు సర్టిఫికెట్ గడువు 90 రోజులు. వాటిని తెచ్చిపెట్టే సర్ట్‌బాట్ ప్రోగ్రామ్ టైమర్ రోజుకు రెండుసార్లు చూసి, గడువు దగ్గర పడితే కొత్తది తెస్తుంది. తెచ్చిన కొత్త ఫైల్‌ను సర్వీసు చదవాలి కదా! ఇంజిన్‌ఎక్స్ ప్లగిన్ వాడితే ఆ రీలోడ్ దానంతట అదే జరుగుతుంది. అదే సర్టిఫికెట్‌ను వేరే సర్వీసు వాడుతుంటే రీలోడ్ చేసే చిన్న స్క్రిప్ట్‌ను సర్ట్‌బాట్ హుక్స్ ఫోల్డర్‌లో పెట్టాలి, లేదంటే డిస్క్ మీద కొత్తది ఉన్నా చూసేవాళ్లకు పాతదే వెళుతుంది. గడువు ముగుస్తోందని వచ్చే ఈమెయిళ్లను కూడా లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2025లో ఆపేసింది. కాబట్టి గడువును బయటి నుంచి చూసే సొంత ఏర్పాటు ఉండాలి.

వీపీఎన్‌కు వైర్‌గార్డ్. డెబియన్ 10 రోజుల్లో కెర్నల్ (సిస్టమ్ కీలక భాగం) 4.19 కావడంతో దీన్ని బ్యాక్‌పోర్ట్స్ (పాత విడుదలకు కొత్త ప్యాకేజీలు ఇచ్చే రిపాజిటరీ) నుంచి తెచ్చుకోవాల్సి వచ్చేది. 2020లో కెర్నల్ 5.6లో చేరాక, డెబియన్ 11 నుంచి విడిగా ఏ మాడ్యూలూ అక్కర్లేదు. కాన్ఫిగరేషన్ ఒక్క స్క్రీన్‌లో పట్టేస్తుంది. సరైన కీ లేనివాళ్లు ఆ పోర్టును ఎంత తట్టినా జవాబు రాదు, అసలు అక్కడ ఏదో ఉందని కూడా తెలియదు. అందుకే ఎస్‌ఎస్‌హెచ్‌ను ఇంటర్నెట్ వైపు మూసేసి వైర్‌గార్డ్ లోపల మాత్రమే ఉంచాను. లాగ్‌లలో పాస్‌వర్డ్ ఊహించే ప్రయత్నాలు ఆగిపోయాయి. రౌటర్ వెనక ఉన్న క్లయింట్లకు కీపలైవ్ (పని లేకున్నా పంపే చిన్న సంకేతం) 25 సెకన్లు పెడితే కనెక్షన్ నిలుస్తుంది. అయితే మీ కనెక్షన్‌కు 100.64 నుంచి 100.127 దాకా ఉన్న అంకెలతో మొదలయ్యే అడ్రసు వస్తోందేమో ముందు చూడండి. అది చాలామంది కస్టమర్లకు ఒకే పబ్లిక్ అడ్రసు పంచే పద్ధతి, ఐపీవీ4లో బయటి నుంచి మీ సర్వర్‌ను నేరుగా చేరలేరు. ఐపీవీ6 వాడాలి, లేదా పబ్లిక్ ఐపీ ఉన్న చిన్న వీపీఎస్‌ను (అద్దెకు దొరికే సర్వర్‌ను) మధ్యలో పెట్టాలి.

మెయిల్ సర్వర్ మాత్రం దీని మీద పెట్టలేదు, పెట్టమనీ చెప్పను. సాఫ్ట్‌వేర్ బాగానే ఉంది. కానీ చాలా కనెక్షన్లలో మెయిల్ బయటికి వెళ్లే పోర్టు 25 మూసి ఉంటుంది. అది తెరిపించుకున్నా మెయిల్ నిజంగా మన నుంచే వచ్చిందని చూపే రివర్స్ డీఎన్‌ఎస్, ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అన్నీ కుదరాలి. ఇన్ని చేసినా మన మెయిల్ అవతలివాళ్ల స్పామ్‌లోకి పోవచ్చు.

భద్రతా అప్‌డేట్లను, వాటిని దానంతట అదే వేసే అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్‌కు అప్పగించాను. అది డీఫాల్ట్‌గా రీబూట్ చేయదు, కొత్త కెర్నల్ వస్తే రీబూట్ అయ్యేదాకా పాతదే నడుస్తుంటుంది. కెర్నల్ అప్‌డేట్ వచ్చిన వారం చివర్లో నేనే రీబూట్ చేసి, ఇంకో మెషీన్ నుంచి ఒక్కో సర్వీసునూ ఐపీవీ4లో ఒకసారి, ఐపీవీ6లో ఒకసారి పరీక్షిస్తాను. సర్వర్‌లోనే కూర్చుని చూస్తే ఫైర్‌వాల్ అడ్డు తెలియదు. ఒక్క ఐపీవీ4లోనే చూస్తే రెండోవైపు పడిపోయిన సర్వీసు రోజుల తరబడి బయటపడదు, ఎందుకంటే బ్రౌజర్లు ఐపీవీ6 అందకపోతే చప్పుడు చేయకుండా ఐపీవీ4కు మారిపోతాయి.